కాలర్ మైకు తీయని రోజు

2023 నవంబరు నెల. బీదరులో నౌబాద్ వైపు ఉన్న ఒక హైస్కూల్లో అప్పటికి పదహారేళ్ళుగా కన్నడ చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో దక్కనీ, పై ఆఫీసరు వస్తే వచ్చీరాని ఇంగ్లీషు. బీదరులో పుట్టినవాళ్ళకు ఇదేం గొప్ప కాదు, మా వీధిలో అందరమూ ఇంతే. నేను గొప్పగా చెప్పుకోవడానికి ఒక్కటే ఉండేది. నా తరగతి గొంతెత్తి చదువుతుంది. బోర్డు మీద ఏ అక్షరం పడినా, చదవమని నేను అనకముందే, నలభై రెండు మందీ కలిసి చదివేస్తారు. వాళ్ళు ఎనిమిదో తరగతిలో చేరిన రోజు నుంచి నేను పెట్టిన అలవాటు అది. గుంపుతో కలిసి చదివితే నోరు తిరగని పిల్లకు కూడా ధైర్యం వస్తుంది. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళు వరండాలోనే నిలబడి విని, లోపలికి రాకుండానే మంచి రిమార్కు రాసి వెళ్ళిన రోజులున్నాయి.

ఆ ఏడాది వానాకాలంలో మా బడికి ఇంటరాక్టివ్ ప్యానెల్ వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, అది నల్లబల్లంత పెద్ద టీవీ. దాని మీద వేలితో రాయొచ్చు, తుడవొచ్చు, ఇంటర్నెట్ తెరవొచ్చు. మాకు రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. మొదటి రోజు నోట్సు రాసుకున్నాను. రెండో రోజు ఆ నోట్సు నాకే అర్థం కాలేదు. తరగతిలో దాన్ని ముట్టుకోవడానికే భయపడేదాన్ని. ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకునేది. ఒకరోజు ఏం నొక్కానో ఏమో, పాఠమంతా తలకిందులై కూర్చుంది. పిల్లలు మెడలు వంచి అలాగే చదవడం మొదలుపెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియక గంట కొట్టేదాకా సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను.

మా సైన్సు టీచరు బసవరాజ్ సార్ నాకంటే పన్నెండేళ్ళు చిన్న. ప్యానెల్ బాధ్యత ఆయనదే. మేమిద్దరం మాట్లాడుకునేది కన్నడలో, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. "మేడం, అది కరవదు, ముట్టుకోండి" అని నన్ను ఏడిపించేవారు. దసరా సెలవుల తర్వాత నా గొంతు పూర్తిగా పోయింది. పదహారేళ్ళు అరిచిన ఫలితం అని డాక్టరు చెప్పి, ఆరు నెలలు గట్టిగా మాట్లాడవద్దన్నారు. గట్టిగా మాట్లాడని టీచరు తొమ్మిదో తరగతిలో ఏం చేస్తుంది? అప్పుడు బసవరాజ్ సారే ఒక కాలర్ మైకు తెచ్చి నా చీర అంచుకు తగిలించారు. చిటికెన వేలి గోరంత ఉంటుంది, వైరు ఉండదు. దాన్ని ప్యానెల్‌లోని వాయిస్ టైపింగుకు కలిపారు. అంటే నేను మెల్లగా పలికితే చాలు, ప్యానెల్ విని దాన్ని అక్షరాలుగా రాస్తుంది. స్పీకరుకు కలపలేదు, కలిపితే గీమని కేక పెట్టేది. నేను గొణుగుతాను, అది పెద్ద అక్షరాలతో రాస్తుంది, పిల్లలు చదువుతారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. నెల రోజుల్లో భయం పోయింది. భయం పోవడమే కాదు, పొగరు వచ్చింది. స్టాఫ్ రూములో మిగతావాళ్ళకు నేనే చెప్పడం మొదలుపెట్టాను. మైకు ఒంటి మీద ఉందన్న సంగతి కూడా గుర్తుండేది కాదు. అదే మైకుతో టీ తాగేదాన్ని, అదే మైకుతో బాత్రూముకు వెళ్ళి వచ్చి నాలుక కరుచుకున్న రోజు కూడా ఉంది. అప్పుడు టైపింగు ఆపేసి ఉంది కాబట్టి బతికిపోయాను. ఆ రోజైనా బుద్ధి రావలసింది.

మన ఇళ్ళలో మాట్లాడే భాషల గురించి ఒక పాఠం ఉంది. ఆ బుధవారం మూడో పీరియడులో ఆ పాఠం చెబుతూ ఒక సరదా చేశాను. ప్యానెల్‌లో భాష మార్చుకునే వీలుంది. కన్నడలో ఒక వాక్యం, మరాఠీలో ఒకటి, ఉర్దూలో ఒకటి పిల్లల చేతనే చెప్పించి రాయించాను. చివర తెలుగు పెట్టాను. "మా ఊరు బీదరు. మా ఇంట్లో జొన్నరొట్టె చేస్తరు" అని పలికాను. తెర మీద తెలుగు అక్షరాలు పడ్డాయి.  తర్వాత ఒకమ్మాయి, ఇంకొకడు, మెల్లగా కూడబలుక్కుని చదవసాగారు. మీకు తెలిసిందే, తెలుగు అక్షరాలూ కన్నడ అక్షరాలూ ఎంత దగ్గరివో. తలకట్లు కాస్త మారతాయంతే. తెలుగు ఒక్క ముక్క తెలియని పిల్లలు కూడా ఆ రెండు వాక్యాలూ చదివేసి, చదివామని తెలిసి కేరింతలు కొట్టారు. తెలుగు ఇళ్ళ పిల్లలు అయిదుగురు ఉన్నారు మా తరగతిలో. తమ ఇంటి మాట బడి గోడ మీద చూడటం వాళ్ళకదే మొదటిసారి. వాళ్ళలో అంబిక అనే పిల్ల రెండో బెంచీలో కూర్చునేది. మన్నళ్ళి నుంచి బస్సులో వస్తుంది. అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. ఆ రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం చూశాను.

అప్పుడే గుమ్మంలో అంబిక తల్లి నర్సమ్మ కనిపించింది. కొంగు తల మీదకు లాక్కుని, నన్ను మాత్రమే చూస్తూ, చేత్తో సైగ చేసింది. మా దగ్గర తల్లిదండ్రులు ఆఫీసుకు వెళ్ళరు. నేరుగా తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి "టీచరమ్మా, ఒక మాట" అంటారు. మేమూ వెళ్ళి నిలబడతాం. నేను పిల్లల్ని కూర్చోమని సైగ చేసి గుమ్మం దాటి వెళ్ళాను.

"ఏమైంది నర్సమ్మక్కా? గింత ఉరుకొచ్చినవ్?"

ఆమె నా దగ్గరికి జరిగింది. మాట గోడకు కూడా వినబడకూడదన్నట్టు నా మెడ పక్కకు మొహం తెచ్చి చెప్పింది. "పిల్ల గోలీ ఏసుకోలే టీచరమ్మా. నిన్న మాపటిది ఏసుకోలే, ఇయ్యాల పొద్దుగాలది గూడ ఏసుకోలే. ఇప్పుడు డబ్బీ చూస్తే అట్లనే ఉన్నయి. బస్సు పట్టుకుని ఉరికొచ్చిన."

"దేనికి గోలీ?"

ఆమె వరండాలో అటూ ఇటూ చూసింది. 

"దానికి ఫిట్స్ వస్తయి. ఆరేండ్ల సంది. గోలీ తప్పితే వస్తయి, ఏసుకుంటే రావు. ఊర్ల ఎవ్వలకు తెల్వదు, మా ఆడిబిడ్డకు గూడ తెల్వదు. నీకొక్కదానికే చెప్తున్న."

"ఫిట్సా?" అన్నాను నేను. "ఫికర్ చేయకు, ఇప్పుడే ఏపిస్త."

ఆమె గోలీల షీటు నా చేతిలో పెట్టి పిడికిలి మూసింది. లోపల నుంచి పిల్లలు చదువుతున్న శబ్దం వస్తూనే ఉంది. కొత్తగా వచ్చిన అక్షరాలను కూడబలుక్కుంటున్నట్టు, ఆగి ఆగి. ఇందాకటి వాక్యాలే మళ్ళీ చదువుకుంటున్నారనుకున్నాను. నేను లేకపోయినా చదువుతున్నారే అని మురిసిపోయాను కూడా. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

"నేనొచ్చి చెప్పిన్నని అంబికకు చెప్పకు" అంది నర్సమ్మ.

రెండు క్షణాల తర్వాత, నా వెనక నలభై గొంతులు ఒక్కొక్క అక్షరం విడదీసి చదివాయి. "అం, బి, క."

 నర్సమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. నేను తిరిగి చూశాను. ప్యానెల్ నిండా తెలుగు. మన యాస దానికి సగమే తెలుసు, అందుకని అక్కడక్కడా మాటలు తెగిపోయాయి. కానీ ఫిట్స్ అన్న మాట అరచెయ్యంత అక్షరాలతో రెండుచోట్ల ఉంది. గోలీ ఉంది. ఊర్లో ఎవరికీ తెలియదు అని ఉంది. అన్నిటికీ కింద అంబిక పేరు ఉంది. నేను చూస్తుండగానే పిల్లల గొంతులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఫిట్స్ అనే మాట ఏ భాషలోనైనా ఒకటే కదా. చదవగలిగినవాళ్ళకు అర్థం తెలియకపోయినా, అర్థం తెలిసిన అయిదుగురికి ఆ ముప్పై ఏడు గొంతులు చదివి వినిపించాయి. బోర్డు మీద ఏది పడితే అది చదవమని నేర్పింది నేను.

మైకు పీకేశాను. అంచు చిరిగింది. ప్యానెల్ దగ్గరికి పరిగెత్తి, ఏది నొక్కితే పోతుందో తెలియక, చివరకు స్విచ్చే తీసేశాను. అప్పుడు రెండో బెంచీ వైపు చూశాను. అంబిక పుస్తకం తెరిచే ఉంది. అంబిక లేదు. పక్కన కూర్చునే రుక్సానా లేచి నిలబడి మెల్లగా చెప్పింది. "మేడం, ఫిట్స్ అని మొదటిసారి పడినప్పుడే వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది."

గోలీలు నా పిడికిట్లో ఉన్నాయి. రెండు పూటలు మందు లేని పిల్ల, ఏడుస్తూ, ఎక్కడికో పరిగెత్తింది. నాకు ఒక్కసారిగా మూడు చోట్లు కళ్ళ ముందుకొచ్చాయి. బడి వెనక మూత సరిగ్గా లేని నీళ్ళ సంపు. లోపల గడియ పడే మరుగుదొడ్లు. గేటు బయట నౌబాద్ ఫ్యాక్టరీ యూనిట్లకు లారీలు పోయే రోడ్డు. వాటిలో దేని దగ్గర పడిపోయినా ఏమవుతుందో ఊహించడానికి కూడా ధైర్యం లేదు. 

సంపు దగ్గరికి నేనే వెళ్ళాను. మూత పక్కకు జరిగి ఉంది. వంగి చూడటానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఒక ప్లాస్టిక్ మగ్గు తేలుతోంది. ఎవరూ లేరు అని అరిచాను. గొంతు లేదు కాబట్టి ఆ అరుపు నాకే వినబడలేదు. మరుగుదొడ్ల తలుపులన్నీ నర్సమ్మ బాదుతోంది. "బిడ్డా, ఏమనను బిడ్డా, బయటికి రా" అంటోంది. గొడవ విని వచ్చిన బసవరాజ్ సార్ గేటు దగ్గరికి పరిగెత్తారు. వాచ్‌మన్ ఎవరూ పోలేదన్నాడు, కానీ అతని చెవిలో ఫోను ఉంది. ఆ మాట నమ్మి నిలబడటానికి లేదు. సార్ బండి తీసి రోడ్డు మీదకు వెళ్ళారు. ఆయన తిరిగి వచ్చే వరకు, రోడ్డు మీద ఏ లారీ బ్రేకు వేసినా నర్సమ్మా నేనూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. అప్పటికి ఆమెకు నా మీద కోపం రాలేదు. కోపానికి తీరిక లేదు.

ఇరవై నిమిషాలైంది. సార్ వచ్చి రోడ్డు మీద లేదన్నారు. అప్పుడు వినబడింది, పాత లైబ్రరీ గదిలోంచి. ప్యానెల్ వచ్చాక ఆ గదిలోకి ఎవరూ వెళ్ళడం లేదు, విరిగిన బెంచీలు పడేశాం. చెక్క మీద మడమలు కొట్టుకుంటున్న శబ్దం. ఆగకుండా, ఒకే వేగంతో. నర్సమ్మకు అది ఏం శబ్దమో తెలుసు. "వచ్చింది" అంది. అంతే, ఆ ఒక్క మాట.

తలుపు లోపల గడియ. బసవరాజ్ సార్ రెండుసార్లు భుజంతో కొట్టారు, మూడోసారి తన్నితే గడియ మేకులతో సహా ఊడింది. బెంచీల మధ్య నేల మీద అంబిక. కళ్ళు పైకి పోయి, పళ్ళు బిగిసి, ఒళ్ళంతా ఎగిరిపడుతోంది. నేను చిన్నప్పటి నుంచి చూసింది ఒక్కటే, ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెట్టడం. స్టాఫ్ రూము తాళాలగుత్తి నా నడుముకే ఉంది. తీసి పిల్ల పిడికిట్లో పెట్టబోయాను. నర్సమ్మ నా చెయ్యి విసిరికొట్టింది.

"ఏం పెట్టకు! ఎవ్వలు పట్టకుండ్రి! బెంచీలు జరపుండ్రి. పక్కకు ఒరిగిస్త, ఆగుండ్రి. సారూ, నువ్వు టైం చూడు. అయిదు నిమిషాలు దాటితే దవాఖాన."

ఆమె కొంగు మడిచి బిడ్డ తల కింద పెట్టింది. బసవరాజ్ సార్ ఫోను పట్టుకుని పైకి లెక్కపెడుతున్నారు. నిమిషం. ఒకటిన్నర. రెండు. ఆ గదిలో ఉన్న నలుగురిలో ఏం చేయాలో తెలిసినది ఒక్క నర్సమ్మకే. పదహారేళ్ళలో వెయ్యిమందికి పైగా పిల్లలకు చదువు చెప్పినదాన్ని, పిల్ల నోట్లో నురగ చూసి గోడకు అంటుకుపోయాను. దేవుడా, ఈ పిల్లను లేపు, నేను మళ్ళీ ఆ ప్యానెల్ ముట్టను అని లోపల అనుకున్నాను. రెండు నిమిషాల యాభై సెకన్లకు కొట్టుకోవడం ఆగింది. ఊపిరి గురకలా బయటికి వచ్చింది. నర్సమ్మ బిడ్డ మొహం తుడిచి అప్పుడు ఏడ్చింది.

ఆటో వచ్చింది. అంబికను ఒడిలో పడుకోబెట్టుకుని నర్సమ్మ ఎక్కింది. నేను కూడా ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అరవలేదు, తిట్టలేదు. "నీకొక్కదానికే చెప్పిన టీచరమ్మా" అంది. ఆటో కదిలింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తరగతికి తిరిగి వెళ్ళాను. పిల్లలు లేచి నిలబడ్డారు. ఏం చెప్పాలో వరండాలో నడుస్తూ తయారుచేసుకున్నాను. చదివింది మరిచిపొండి, ఎవరితో అనకండి, ఇలాంటివి. నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు. అనకండి అంటే ఆ సాయంత్రమే నలభై ఇళ్ళలో అంటారని కూడా భయం వేసింది. "కూర్చోండి" అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, వాళ్ళకు నేనేమీ నేర్పి పెట్టలేదు.

మిగతా బడికి తెలిసింది ఇంతే. అంబిక పొద్దున తినకుండా వచ్చింది, లైబ్రరీలో తల తిరిగి పడిపోయింది. హెడ్‌మాస్టరు కూడా అలాగే రాశారు.

తర్వాతి నాలుగు రోజులు నేను నిద్ర సరిగ్గా పోలేదు, తిన్నది ఒంటబట్టలేదు. మైకును బీరువాలో పెట్టి తాళం వేశాను. సుద్దముక్కతోనే పాఠం చెప్పాను, గొంతు మళ్ళీ పోయింది. తరగతిలో ఇద్దరు పిల్లలు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటే చాలు, అదే మాటేమో అనిపించేది. శనివారం నర్సమ్మ ఫోను చేసింది. నేను సంతోషించేలోపే ఆమె గొంతు విని సంతోషం పోయింది.

"పిల్ల బాగనే ఉంది. ఇంటాయనకు బడిల అయిందంతా ఎరుకైంది టీచరమ్మా. దవాఖానల చెప్పక తప్పలే. బోర్డు మీద పడిందని గూడ చెప్పిన. పేరు పడలేదని చెప్పిన. పేరు పడి ఉంటే చదువు బందు, నిర్ణా ఊర్ల మా ఆడిబిడ్డ ఇంట్ల పెడత అంటుండు. ఆడ పొలం పనికి పోతది, ఎవ్వలకు ఎరుక ఉండదు అంటుండు. సోమవారం వస్తుండు. నువ్వు పేరు పడలేదనే చెప్పు. నీ కాల్మొక్కుత."

చెబుతానన్నాను. అబద్ధం చెబుతానని ఒప్పుకోవడానికి నాకు అర క్షణం కూడా పట్టలేదు. ఆ ఆదివారమంతా, అంబిక తండ్రే ఎదురుగా ఉన్నట్టు అద్దం ముందు నిలబడి "పేరు రాలే మొగులప్పన్నా" అని పలికి చూసుకున్నాను. ప్రతిసారీ నా మొహమే నన్ను పట్టిచ్చేది.

సోమవారం మొదటి పీరియడులోనే మొగులప్ప వచ్చాడు. నౌబాద్‌లో ఒక యూనిట్‌లో పని చేస్తాడు, డ్యూటీ బట్టలతోనే ఉన్నాడు. హెడ్‌మాస్టరు దగ్గర టీసీ, అంటే బడి మారడానికి ఇచ్చే సర్టిఫికెట్, దానికి అర్జీ ఇచ్చి నేరుగా నా తరగతి గుమ్మంలోకి వచ్చాడు. వెనక అంబిక ఉంది. తల వంచుకుని, బ్యాగు రెండు చేతులతో గుండెకు పట్టుకుని.

నేను గబగబా మొదలుపెట్టాను. "మొగులప్పన్నా, ఆ దినం ఏమైందంటే..."

"నువ్వు ఆగు టీచరమ్మా" అన్నాడు. కఠినంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. "నువ్వు దాని మంచికే చెప్తవు. నా ఇంటామె గూడ మంచికే చెప్తది. నాకు మంచి వద్దు, నిజం కావాలె. పిల్లలను అడుగుత. పిల్లలు అబద్ధం చెప్పరు."

 అబద్ధం చెప్పవద్దని ఆ పిల్లలకు రెండేళ్ళుగా చెబుతున్నది నేనే. మొగులప్ప లోపలికి వచ్చి వాళ్ళ ముందు నిలబడ్డాడు. అతనికి కన్నడ బాగానే వచ్చు. ఆ రోజు బోర్డు మీద తెలుగులో ఏదో పడిందట కదా, అందులో నా బిడ్డ పేరు ఉందా అని అడిగాడు. తరగతిలో ఎవరూ కదలలేదు. ఏది అడిగినా కలిసి జవాబు చెప్పే తరగతి అది. ఆ నిశ్శబ్దమే జవాబు అయిపోతుందని భయపడ్డాను. అంబిక మొహం చూడలేక కిటికీ వైపు చూశాను.

రుక్సానా లేచింది. "నమగ తెలుగు ఓద్లాక బరల్ల అంకల్" అంది. మాకు తెలుగు చదవడం రాదు అంకుల్ అని.

మొగులప్ప ఆమెను చూశాడు. "రాదా?"

"రాదు అంకల్. అక్షరాలు మన వాటిలాగే కనబడతాయి, కానీ చదవలేం. ఊరికే అరిచాం."

వెనక బెంచీలోంచి ఇంకొక పిల్లవాడు లేచి అదే మాట అన్నాడు. తర్వాత మరొకమ్మాయి. తెలుగు ఇంటి పిల్ల ఒకతె లేచి, "మేము ఇంట్ల మాట్లాడుతం మామా, చదువుడు రాదు" అంది. ఆ పిల్లే బుధవారం అందరికంటే ముందు చదివింది. నేను చెవులారా విన్నాను.

మొగులప్ప నా వైపు తిరిగాడు. "నిజమేనా టీచరమ్మా? వీళ్ళకు రాదా?"

అద్దం ముందు సాధన చేసింది ఈ ప్రశ్నకు కాదు. నలభై ఒక్క మంది నన్నే చూస్తున్నారు. గుమ్మంలోంచి అంబిక కూడా తలెత్తి చూసింది. "రాదన్నా" అన్నాను. "నేను నేర్పలే."

అతను చాలాసేపు ఖాళీ ప్యానెల్‌ను చూశాడు. తర్వాత బిడ్డ వైపు చూసి, "పో, కూసో" అన్నాడు. హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళి అర్జీ వెనక్కి తీసుకున్నాడు. అంబిక రెండో బెంచీకి నడిచింది. రుక్సానా తన బ్యాగు జరిపి చోటిచ్చింది. 

ఆ తర్వాత చాలా నెలలు నాకు భయం పోలేదు. ఎవరో ఒకరు ఏదో ఒక గొడవలో ఆ మాట బయటపెడతారని ప్రతి రోజూ ఎదురుచూశాను. పిల్లలు కొట్లాడుకున్నారు, అలిగారు, ఒకరి మీద ఒకరు నాకు చాడీలు చెప్పారు. ఆ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. గోలీ వేసుకునే వేళకు రుక్సానా నీళ్ళ సీసా ముందుకు జరపడం ఒకటి రెండుసార్లు చూసి చూడనట్టు ఊరుకున్నాను. అంబిక పదో తరగతి పాసైంది, ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. బసవరాజ్ సార్ ఒక డాక్టరును పిలిపించి, ఫిట్స్ వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో టీచర్లందరికీ చెప్పించారు. తాళాలగుత్తి సంగతి నేనే లేచి ఒప్పుకున్నాను.

ప్యానెల్ ఇప్పుడు మళ్ళీ వాడుతున్నాను. కొత్తగా వచ్చే టీచర్లకు నేను ముందు నేర్పేది మైకు ఆపడం, ఆన్ చేయడం తర్వాత నేర్పుతాను. ఆ యంత్రం చెప్పింది చెప్పినట్టు రాస్తుంది, దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. తప్పు నాది. ఆ తప్పును మోసింది పద్నాలుగేళ్ళ పిల్లలు. బోర్డు మీద ఏది పడినా గట్టిగా చదవమని వాళ్ళకు రెండేళ్ళు నేర్పాను. చదివినదాన్ని కడుపులో పెట్టుకోవడం నేను నేర్పలేదు. ఒక తండ్రి ముందు నిలబడి నా తరగతికి చదవడం రాదని చెప్పుకున్నది నా ఉద్యోగం మొత్తంలో ఆ ఒక్క రోజే. ఆ పిల్లలు నాకు గర్వం తెచ్చిందీ ఆ రోజే.